ప్రాక్టర్‌గా ఎవరిని పెట్టుకోవాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే మాట చుట్టూ తిరిగాయి: ప్రాక్టర్, అంటే పరీక్ష రాసేటప్పుడు కాపలా ఉండే మనిషి. మనకు అలవాటైన ఇన్విజిలేటర్‌ను బోర్డో యూనివర్సిటీయో వేస్తుంది. ఎవరొస్తారో మనకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. విదేశీ వృత్తి సంస్థలు పెట్టే కొన్ని సర్టిఫికేషన్ పరీక్షలకు మాత్రం ఆ మనిషిని మనమే వెతికి, ఒప్పించి, పేరు పంపి, వాళ్లు సరేనన్నాక కూర్చోబెట్టుకోవాలి. ఇంకొన్ని పరీక్షల్లో ప్రాక్టర్ కెమెరా అవతల ఉంటాడు. రెండు రకాల ప్రశ్నలకూ ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: అమెరికాలోని ఒక వృత్తి సంస్థ సర్టిఫికేషన్‌కు ఫీజు కట్టాను. పరీక్ష మూడు గంటలు. ఫారంలో ప్రాక్టర్ పేరు, హోదా, ఆఫీసు ఈమెయిల్ అడుగుతున్నారు. మా కాక రిటైర్డ్ హెడ్‌మాస్టర్, మా గల్లీలోనే ఉంటడు, కూర్చుంటనన్నడు. లేదంటే మా కంపెనీ మేనేజర్ సార్ ఉన్నరు. ఇద్దరిలో ఎవరి పేరు రాయాలె? (హన్మకొండ పాఠకురాలు)

ఇద్దరి పేర్లూ రాయకండి. మీ కాక నిజాయితీని ఎవరూ శంకించరు. కానీ ఫారం చూసే మనిషికి ఆయన తెలియదు. అక్కడ కూర్చున్నవాళ్లు మూడు సంగతులే చూస్తారు. మీకూ ఆయనకూ చుట్టరికమో, మీరు పాసైతే ఆయనకు కలిగే లాభమో ఉందా? ఆయన హోదాను మిమ్మల్ని అడగకుండా తామే సరిచూసుకోగలరా? పరీక్ష జరిగే గది ఆయన చేతిలో ఉందా? మీ కాక మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. రిటైరయ్యారు కాబట్టి స్కూలు ఈమెయిల్ ఉండదు, రెండోదీ పోయింది. ఇక మీ ఇల్లో వాళ్ల ఇల్లో తప్ప గది లేదు.

మేనేజర్ సంగతి కొంచెం వేరు. కంపెనీలో హెచ్ఆర్ అధికారినో, ట్రైనింగ్ విభాగం వారినో ఒప్పుకునే సంస్థలున్నాయి. కానీ మీ పని మీద నేరుగా అజమాయిషీ చేసే మనిషిని చాలాచోట్ల ఒప్పుకోరు. మీరు పాసైతే ఆయన టీమ్‌కు పేరు, మీరు తప్పితే ఆయనకు తలనొప్పి. అందుకే ఆయన్ను బయటి మనిషిగా లెక్కగట్టరు. మీ కింద పనిచేసేవారు, మీతో కలిసి అదే పరీక్ష రాస్తున్నవారు, మీకు కోచింగ్ ఇచ్చిన సారు కూడా పనికిరారు. కోచింగ్ సారు పేరు రాసి వెనక్కి తిప్పించుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

మరి ఎవరు? మా సలహా అడిగితే ముందు ఇంజనీరింగ్ లేదా డిగ్రీ కాలేజీ ఎగ్జామ్ బ్రాంచిని చూడండి. హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల కాలేజీలకు కొదవ లేదు. సీల్ కవరు, టైము, సంతకాలు, హాజరు షీటు వాళ్లకు రోజూ ఉండే పనే. గది ఉంటుంది, సీసీ కెమెరా ఉంటుంది, కాలేజీ పేరు మీద ఈమెయిల్ ఉంటుంది. డాట్ ఏసీ డాట్ ఇన్ అని ముగిసే అడ్రసు ఒక్కటి ఉంటే సగం అనుమానాలు అక్కడే తీరతాయి. జీమెయిల్ అడ్రసు రాస్తే ఆ ప్రాక్టర్ ప్రిన్సిపల్ అయినా సరే, వెనక్కి రాస్తారు: సంస్థ ఈమెయిల్ ఇవ్వండి అని. సంస్థ మెయిల్ అసలే లేని చోట లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్ర, ల్యాండ్‌లైన్ నంబరు, వెబ్‌సైట్‌లో ఆయన పేరున్న పేజీ లింకు కలిపి పంపి అడిగి చూడండి. కొందరు ఒప్పుకుంటారు.

తరవాత లైబ్రేరియన్. అమెరికా ఫారాల్లో ఈ మాట ముందు వరసలో ఉంటుంది, ఎందుకంటే అక్కడి పబ్లిక్ లైబ్రరీల్లో చాలావాటికి పరీక్షకు కూర్చోవడం మామూలు సేవ. మన దగ్గర అలా అలవాటు లేదు. కాబట్టి మీరు వెళ్లి మొదటినుంచీ వివరించాలి. హన్మకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం లాంటి పేరున్న గ్రంథాలయమైనా, కాలేజీ లైబ్రరీ అయినా, పదిమంది కూర్చుని చదువుకునే హాల్లో పరీక్ష కుదరదు. తలుపు వేసుకునే గది దొరుకుతుందా అని అడగండి. లేకపోతే ఆ మాట అక్కడితో వదిలేయండి.

అడిగేటప్పుడు నోటిమాటతో సరిపెట్టకండి. ఒక పేజీ ఉత్తరం చేతికివ్వండి. ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన లైబ్రేరియన్ గారికి, నేను ఫలానా సంస్థ పరీక్ష రాస్తున్నాను. దానికి ఒక ప్రాక్టర్ కావాలి. మీరు చేయాల్సినవి: నా పాస్‌పోర్టు చూసి నన్ను గుర్తించడం, సంస్థ మీ మెయిల్‌కు పంపే పాస్‌వర్డ్‌ను మీరే టైపు చేయడం, మూడు గంటలు అదే గదిలో ఉండటం, చివర రఫ్ కాగితాలు తీసుకుని ఫారం మీద సంతకం చేయడం. సబ్జెక్టు మీకు తెలియాల్సిన అవసరం లేదు. మొత్తం మూడున్నర గంటలు పడుతుంది. మీ సమయానికి ఇంత మొత్తం ముందే చెల్లిస్తాను, పరీక్ష ఫలితంతో దానికి సంబంధం ఉండదు. ప్రాక్టర్ నియమాల కాగితం జత చేశాను."

"అదే గదిలో ఉండటం" అన్న ముక్క కింద గీత గీయండి. చాలామంది మంచివాళ్లు "కూర్చోండమ్మా, నేను మధ్యమధ్యలో వచ్చి చూస్తా" అంటారు. అది అభిమానంతో అనే మాటే. కానీ మూడు గంటలూ కళ్లెదుట ఉన్నానని చివర్లో సంతకం పెట్టేది ఆయనే. లేకుండా పెడితే అది అబద్ధపు సంతకం, రేపు ఎవరైనా ఆయనకు ఫోన్ చేసి అడిగితే మీ సర్టిఫికెట్ మీదికే వస్తుంది. మూడు గంటలు కదలకుండా కూర్చునే తీరిక లేని పెద్దమనిషి కంటే, తీరిక ఉన్న అసిస్టెంట్ లైబ్రేరియన్ మేలు.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. నిర్ణీత రేటంటూ లేదు, మాట్లాడుకోవడమే. ప్రభుత్వ ఉద్యోగి అయితే పై అధికారి అనుమతి కాగితం మీద తీసుకోమనండి, డబ్బు సంస్థ పేరున కట్టి రసీదు తీసుకోండి. "పాసైతే ఇంకొంత ఇస్తా" అన్న మాట మాత్రం సరదాకు కూడా అనకండి.

ఇక టైము. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే, అక్కడ వేసవి సమయం నడిచేటప్పుడు (మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా) మనకు సాయంత్రం 6.30. మిగతా నెలల్లో 7.30. మూడు గంటల పేపరంటే రాత్రి పదిన్నర అవుతుంది. ఆ వేళకు ఏ లైబ్రరీ తెరిచి ఉండదు. అందుకని దరఖాస్తులోనే భారత సమయం ప్రకారం ఉదయం 10 గంటలకు మొదలుపెడతామని రాసి అనుమతి అడగండి. గడువు లెక్క కూడా ఇలాగే చూడాలి: "శుక్రవారం రాత్రి 11.59, ఈస్టర్న్" (అంటే న్యూయార్క్ సమయం) అని ఉంటే మనకు శనివారం ఉదయం 9.29, చలికాలంలో 10.29. శుక్రవారం రాత్రికే అయిపోయిందని కంగారు పడి ఫారం సగం నింపి పంపినవాళ్లు కూడా నష్టపోతారు.

ప్రాక్టర్ పేరు పంపి ఆమోదం వచ్చేదాకా రెండు మూడు వారాలు చేతిలో పెట్టుకోండి. ఫారంలో రెండో ప్రాక్టర్‌కు చోటుంటే ఖాళీగా వదలకండి. పరీక్ష పొద్దున మొదటి ఆయనకు జ్వరమొస్తే, ఆమోదం లేని మూడో మనిషిని కూర్చోబెట్టి రాసిన పేపరు చెల్లదు.

ప్రశ్న: ప్రాక్టర్ గెజిటెడ్ ఆఫీసరే అయి ఉండాలా? నోటరీ సంతకం పెట్టిస్తే సరిపోతుందా? (జనగామ)

అవసరం లేదు. గెజిటెడ్ సంతకమన్నది మన దగ్గర జిరాక్సుల మీద పెట్టించుకునే అలవాటు నుంచి వచ్చిన ఆలోచన. విదేశీ సంస్థకు ఆ మాటకు అర్థమే తెలియదు. నోటరీ చేసేది మీ సంతకాన్ని ధ్రువీకరించడం, పరీక్షకు కాపలా కూర్చోవడం వేరే పని. నోటరీ గారు మూడు గంటలు కూర్చోవడానికి ఒప్పుకుని, ఆ సంస్థ నియమాలు నోటరీని అనుమతిస్తే పెట్టుకోవచ్చు. సంతకం కోసమే అయితే దండగ.

ప్రశ్న: నేను జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. మా పాత విద్యార్థి ఒకరు నన్ను ప్రాక్టర్‌గా ఉండమంటున్నాడు. ఒప్పుకుంటే నా మీద పడే బాధ్యత ఎంత? ఏమేం చేయాలి? (కరీంనగర్)

ముందు పాత విద్యార్థి అన్న సంగతి మీ ఫారంలో దాచకండి. సంబంధం ఏమిటన్న గడిలో "గతంలో ఫలానా సంవత్సరం దాకా విద్యార్థి" అని రాయండి. చాలా సంస్థలకు అది అభ్యంతరం కాదు. దాచి తరవాత తెలిస్తేనే అభ్యంతరం.

పరీక్షకు వారం ముందు మీ మెయిల్‌కు ఏదో ఒకటి రావాలి: పేపరు ఫైలో, పాస్‌వర్డో, కవరు పంపుతున్నామన్న కబురో. రాకపోతే స్పామ్ ఫోల్డర్ చూడండి. విదేశీ సంస్థల మెయిళ్లు కాలేజీ సర్వర్ల దగ్గర అక్కడే చిక్కుకుంటాయి. వచ్చిన పేపరును అభ్యర్థికి ఫార్వర్డ్ చేయడం, ముందు రోజే ప్రింట్ తీసి బీరువాలో పెట్టడం, రెండూ వద్దు.

పరీక్ష రోజు ఇలా చేయండి. అరగంట ముందు గదిలో గోడల మీది చార్టులు తీసేయండి, గడియారం నడుస్తోందో లేదో చూడండి. అభ్యర్థి ఫోన్, స్మార్ట్ వాచ్, సంచి బయట బల్ల మీద పెట్టించండి. పాస్‌పోర్టులో ఫోటో, పేరు, గడువు తేదీ మూడూ చూడండి. ఎన్నేళ్లుగా తెలిసిన పిల్లవాడైనా చూడాల్సిందే, ఎందుకంటే "గుర్తింపు పత్రం చూశాను" అని మీరు సంతకం పెడుతున్నారు. పేపరు కవరులో వస్తే సీలు చెక్కుచెదరలేదని అతనికి చూపించి, అతని ముందే చింపండి. రఫ్ కాగితాలు మీరే ఇవ్వండి, ఇచ్చే ముందు ఒక్కోదాని మూలన 1, 2, 3, 4 అని వేసి పొట్టి సంతకం చేయండి. నాలుగు ఇచ్చారంటే నాలుగూ తిరిగి రావాలి. క్యాలిక్యులేటర్‌కు అనుమతి ఉంటే మోడల్ పేరు నియమాల్లో ఉందో చూడండి. మెమరీ ఉన్నవి చాలా పరీక్షల్లో కుదరవు.

కంప్యూటర్ మీద పరీక్షైతే పాస్‌వర్డ్ మీరే కొట్టండి, "పాస్‌వర్డ్ సేవ్ చేయాలా" అని బ్రౌజర్ అడిగితే వద్దనండి. మొదలైన టైము, ముగిసిన టైము నిమిషాలతో సహా రాయండి. బాత్రూమ్‌కు వెళ్తే వెళ్లిన టైము, వచ్చిన టైము కూడా రాయాలి. ఆ పోయిన నిమిషాలు మామూలుగా తిరిగి కలపరు. కరెంటు పోయి కంప్యూటర్ ఆగితే అలా జరిగిందని రిపోర్టులో రాయండి, మీ అంతట మీరే టైము పెంచకండి.

అయిపోయాక అసలు చిక్కు ఒకటుంది, చాలామందికి తట్టదు. పేపరు ప్రింట్ తీసిన కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఆ ఫైలు అలాగే ఉంటుంది. రీసైకిల్ బిన్‌లో ఉంటుంది. ప్రింటర్ క్యూలో ఆగిపోయిన ప్రింట్ రేపు పొద్దున ఎవరి చేతిలోనో పడుతుంది. మూడు చోట్లా తుడిచి, ఆ తరవాతే సంతకం పెట్టండి. జిరాక్స్ సెంటరులో స్కాన్ చేయించకండి. అక్కడి మెషీన్‌లోనో కంప్యూటర్‌లోనో కాపీ మిగిలిపోతుంది. జవాబు పత్రం పోస్టులో పంపాలంటే అదే రోజు పంపి, ట్రాకింగ్ నంబరున్న రసీదును ఫలితం వచ్చేదాకా ఉంచండి. అభ్యర్థి చేతికిచ్చి "నువ్వే పోస్టు చెయ్యి బాబూ" అనడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కుదరదు.

సందేహం అడిగితే? ప్రశ్న అర్థం చెప్పడం, ఇంగ్లీషు మాటకు తెలుగు చెప్పడం కూడా సాయం కిందికే వస్తుంది. "నాకు చెప్పే అధికారం లేదు" అని ఊరుకోండి. కాపీ చేస్తూ కనిపిస్తే గొడవ పడి పేపరు గుంజుకోవాల్సిన పని లేదు. ఏ టైముకు ఏం చూశారో రాసి పంపండి, నిర్ణయం వాళ్లది.

ఇంత పని చేయలేననిపిస్తే మొదట్లోనే కుదరదనండి. అతనికి వేరే మనిషిని వెతుక్కునే వ్యవధి ఉంటుంది.

ప్రశ్న: ఒక ఐటీ సర్టిఫికేషన్ ఇంటి నుంచి ఆన్‌లైన్ ప్రాక్టర్‌తో రాయొచ్చంటున్నారు. హైదరాబాద్ సెంటరుకు పోయి కూడా రాయొచ్చట. మాది సింగరేణి క్వార్టర్, కరెంటు అప్పుడప్పుడు పోతది. ఏది నయం? (గోదావరిఖని)

మీకు నిశ్శబ్దంగా తలుపు వేసుకునే గది, నమ్మదగిన నెట్, కరెంటుకు బదులు ఏర్పాటు మూడూ ఉంటే ఇల్లే నయం. ఒక్కటి లోపించినా హైదరాబాద్ పోండి. ఈ మాట గట్టిగా ఎందుకు అంటున్నామంటే, మధ్యలో ఆగిపోయిన పరీక్ష ఫీజు కోసం వారాల తరబడి మెయిళ్లు రాసుకోవడం కంటే రామగుండంలో ముందు రోజు రైలెక్కి, రాత్రి అక్కడ ఉండి పొద్దున రాయడం చాలా తేలిక. ఒక్కటే జాగ్రత్త: రెండేళ్లకోసారి మాఘ మాసంలో మేడారం జాతర నాలుగు రోజులూ, వాటికి అటూఇటూ ఉత్తర తెలంగాణలో బస్సు దొరకడం కష్టం. ఆ వారం సెంటరు స్లాటు తీసుకోకండి.

ఇంటి నుంచే అనుకుంటే ముందు కరెంటు చూడండి. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోయినా నడుస్తుంది. పడిపోయేది రూటర్. ఇన్వర్టర్ ఉన్నా రూటర్ రీస్టార్ట్ అవుతోందంటే, ఇన్వర్టర్ వెనకో ముందో ఉండే స్విచ్ మామూలు మోడ్‌లో ఉందన్నమాట. దాన్ని యూపీఎస్ మోడ్‌కు మారిస్తే మారే వ్యవధి తగ్గి, చాలావరకు రూటర్ పడిపోకుండా నిలబడుతుంది. ఇన్వర్టర్ లేకపోతే రూటర్‌కు మాత్రమే పెట్టే చిన్న యూపీఎస్ కొనండి. కొనేముందు రూటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అనో 2 ఆంపియర్లు అనో ఉంటుంది, దానికి తగ్గదే తీసుకోండి.

అంత చేసినా నెట్ పోవచ్చు. మీ ఇంటికి వచ్చేది సన్నటి ఫైబర్ తీగా, మందపాటి ల్యాన్ కేబులా అన్నది ఇక్కడ తేలాలి. ఫైబర్ నేరుగా ఇంట్లోని పెట్టెలోకి వస్తే మధ్య దారిలో ఒక తీగను చాలా ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, వీధిలో కరెంటు పోయినా ఆపరేటర్ ఆఫీసులో బ్యాకప్ ఉన్నంతసేపు నెట్ వస్తుంది. స్తంభం మీది డబ్బా నుంచి ల్యాన్ కేబుల్ లాగి ఇచ్చి ఉంటే ఆ డబ్బాలో కరెంటుతో నడిచే స్విచ్ ఉంటుంది. వీధిలో కరెంటు పోగానే మీ ఇన్వర్టర్ ఎంత మంచిదైనా నెట్ చచ్చిపోతుంది. తేల్చుకోవడానికి ఒక పరీక్ష చాలు: వీధి మొత్తానికి కరెంటు పోయినప్పుడు రూటర్‌ను బ్యాటరీ మీద నడిపి నెట్ వస్తోందో చూడండి. ఇంట్లో మెయిన్ ఆపి చూస్తే ఇది తెలియదు.

లైన్ మరమ్మతుల కోసం ముందుగా ప్రకటించి కరెంటు ఆపే రోజులుంటాయి. క్వార్టర్ సింగరేణి లైను మీద ఉంటే అక్కడి ఎలక్ట్రికల్ సెక్షన్‌లోనూ, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) లైను మీద ఉంటే సబ్‌స్టేషన్‌లోనో 1912 నంబరుకో ముందు రోజు అడగండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం స్లాటు తీసుకోకండి. గాలిదుమారం లేచేది ఆ వేళే. ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్ మోత వినపడే క్వార్టరైతే ఆ టైము ఏదో మీకే బాగా తెలుసు, దాన్నీ తప్పించండి. బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రం మైకులుంటాయి. పెళ్లిళ్ల రోజుల్లో బరాత్ డీజే ఏ రాత్రయినా రావచ్చు. మొత్తం మీద పొద్దున 7, 8 గంటల స్లాటు మీకు బాగుంటుంది.

ఇక గది. పరీక్షలు నిర్వహించే పియర్సన్ వ్యూ సంస్థ వాళ్ల ఆన్‌లైన్ పద్ధతి ఆన్‌వ్యూ అయితే పరీక్షకు 30 నిమిషాల ముందు చెక్ ఇన్ మొదలవుతుంది. మీ ముఖం, గుర్తింపు పత్రం, కూర్చునే చోటుకు నాలుగు వైపులా ఫోటోలు తీసి పంపాలి. అలాంటిదే ఇంకో సంస్థ ప్రోమెట్రిక్ వాళ్ల పద్ధతిలో కెమెరాను గది చుట్టూ తిప్పి చూపించమంటారు. కాబట్టి డెస్క్‌టాప్‌కు విడిగా తగిలించే వెబ్‌క్యామ్ అయితే వైరు పొడుగ్గా ఉండాలి. బల్ల మీద కంప్యూటర్, మౌస్, కీబోర్డు తప్ప ఏమీ ఉండకూడదు. రెండో మానిటర్ ఆపితే చాలదు, వైరు పీకేయాలి. పుస్తకాల షెల్ఫ్ ఉంటే దుప్పటి కప్పండి. గోడకున్న క్యాలెండర్ మీద రాతలుంటే తీసేయండి.

ఆఫీసు ల్యాప్‌టాప్ వాడకండి. మా దృష్టికి వచ్చే వైఫల్యాల్లో ఇది మళ్లీ మళ్లీ కనిపించేది. కంపెనీ వీపీఎన్, ఫైర్‌వాల్, తీసేయడానికి మీకు అనుమతి లేని సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పరీక్ష బ్రౌజర్‌ను ఆపేస్తాయి. ముందు రోజు ఇంట్లో సిస్టమ్ టెస్ట్ పాసై, పరీక్ష పొద్దున కంపెనీ అప్‌డేట్ ఒకటి పడి ఆగిపోవడం కూడా ఉంది. సొంత ల్యాప్‌టాప్‌లో అయినా టీమ్స్, ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి మూసినట్టు కనిపించినా వెనక నడుస్తుంటాయి. టాస్క్ మేనేజర్ తెరిచి ఆపండి. సిస్టమ్ టెస్ట్ అదే గదిలో, అదే నెట్ మీద, అదే గంటకు చేయండి. నెట్ వేగం పరీక్ష సంస్థ అడిగినదానికి రెట్టింపు ఉంటే నిశ్చింత. వైఫై కన్నా రూటర్ నుంచి ల్యాన్ వైరు పెట్టడం మంచిది.

పరీక్ష నడుస్తున్నప్పుడు ప్రశ్నను పెదాలతో చదువుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ప్రాక్టర్‌కు అది ఎవరితోనో మాట్లాడినట్టు కనిపిస్తుంది. చెంప మీద చెయ్యి పెట్టి కెమెరాకు నోరు కనపడకుండా కూర్చున్నా హెచ్చరిక వస్తుంది. చిన్న పిల్లవాడు తలుపు తోసుకుని వచ్చినా పరీక్ష రద్దు చేయొచ్చు. వాళ్లు మిమ్మల్ని దొంగగా చూస్తున్నారని బాధపడకండి. వేల కిలోమీటర్ల దూరం నుంచి ఒక్క కెమెరా కంటితో చూస్తున్న మనిషికి ఇంతకు మించి తెలిసే దారి లేదు. ముందు రోజే ఇంట్లోవాళ్లకు చెప్పి, తలుపు గడియ పెట్టి, బయట కాగితం అంటించండి.

ఒక చిన్న సంగతి మరిచిపోతారు. నెట్ తెగితే ప్రాక్టర్ మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేసే అవకాశం ఉంది. అది విదేశీ నంబరో, ఎవరిదో తెలియని నంబరో అవుతుంది. మీ ఫోన్‌లో తెలియని నంబర్లను ఆపే యాప్ ఉంటే మోగనే మోగదు. ఆ రోజుకు దాన్ని ఆపి, ఫోన్‌ను చేతికందనంత దూరంలో, వినపడేంత దగ్గరలో పెట్టండి. అది మోగినప్పుడే లేవాలి.

ఆగిపోతే చేయాల్సింది: ముందు మళ్లీ అదే లింకుతో తెరిచి చూడండి, చాలాసార్లు ఆగిన ప్రశ్న దగ్గర నుంచే మొదలవుతుంది. కాకపోతే అదే రోజు పరీక్ష సంస్థకు ఫిర్యాదు పెట్టి కేసు నంబరు తీసుకోండి. ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఆగింది, తెర మీద ఏమని వచ్చింది, ప్రాక్టర్ చాట్‌లో ఏమన్నాడు, ఈ మూడూ అందులో ఉండాలి.

ప్రశ్న: పాస్‌పోర్టులో నా పేరు మొత్తం ఉంది, పరీక్ష రిజిస్ట్రేషన్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే రాశాను. ఇబ్బందా? (జగిత్యాల)

ఇబ్బందే, కానీ ఇప్పుడు సరిచేయొచ్చు. పాస్‌పోర్టులో "సర్‌నేమ్" గడిలో ఏముందో అదే లాస్ట్ నేమ్, "గివెన్ నేమ్" గడిలో ఏముందో అదే ఫస్ట్ నేమ్. అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. మన పక్క పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో పొట్టిగా, పాన్‌లో వెనక ఉండటం మామూలే. ప్రాక్టర్ ఇవన్నీ పోల్చి అర్థం చేసుకోడు, రెండు కాగితాలు కలవకపోతే వెనక్కి పంపుతాడు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు రిజిస్ట్రేషన్‌కు ముందే పరీక్ష సంస్థను మెయిల్‌లో అడిగి, ఆ జవాబు ప్రింటు దగ్గర పెట్టుకోండి. పేరు మార్పు సాధారణంగా పరీక్షకు కొన్ని పని దినాల ముందే చేస్తారు, ఆ పొద్దున చేయరు.

ప్రశ్న: మా దగ్గర ఒకాయన "మా ప్రాక్టర్ ఉన్నాడు, పరీక్ష మేమే పాస్ చేయిస్తాం, మీరు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే చాలు" అంటున్నాడు. ఫీజుకు మూడింతలు అడుగుతున్నాడు. నమ్మొచ్చా? (నిజామాబాద్)

ఆ మనిషి దగ్గరికి మళ్లీ పోకండి. మీరు మౌస్ కదుపుతుంటే ఇంకెవరో దూరం నుంచి జవాబులు పెట్టడమే ఆయన చెప్పే పద్ధతి. ఇది కంప్యూటర్ ద్వారా ఇంకొకరిగా నటించి మోసం చేయడం. ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

చట్టం సంగతి అలా ఉంచినా, దొరకడం మీరనుకున్నంత అరుదు కాదు. పరీక్ష సంస్థలు వీడియో దాచి ఉంచుతాయి. ఒక్కో ప్రశ్నకు ఎన్ని సెకన్లు పట్టిందో, వేరేవాళ్ల జవాబులతో ఎక్కడెక్కడ కలిసిందో తరవాత తీరిగ్గా లెక్క చూస్తాయి. ఫలితం వచ్చి నెలలు గడిచాక రద్దు చేసి, మళ్లీ ఏ పరీక్షా రాయకుండా నిషేధిస్తాయి. అప్పటికి ఆ సర్టిఫికెట్ చూపి చేరిన ఉద్యోగం కూడా పోతుంది. ఇంకో భయం ఉంది: మీ పాస్‌పోర్టు కాపీ, మీ కంప్యూటర్ మీద పూర్తి అదుపు అప్పటికే ఆయన చేతిలో ఉంటాయి. రేపు ఆయన బెదిరిస్తే ఎవరికి చెప్పుకుంటారు? ఇప్పటికే ఆయన చెప్పిన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఎక్కించి ఉంటే తీసేసి, బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చుకోండి.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది, మధ్యలో ఏదైనా తినాల్సి వస్తుంది. మా తమ్ముడికి చూపు సరిగా లేదు, రాసిపెట్టే మనిషి కావాలి. ప్రాక్టరే రాసిపెట్టొచ్చా? (భూపాలపల్లి)

మీ విషయంలో స్లాటు బుక్ చేయకముందే పరీక్ష సంస్థకు డాక్టర్ సర్టిఫికెట్‌తో ప్రత్యేక ఏర్పాట్ల దరఖాస్తు పెట్టండి. అదనపు విరామం, గ్లూకోజ్ మాత్రలు, షుగర్ చూసుకునే పరికరం దగ్గర ఉంచుకోవడం, ఒక్కోదాన్నీ విడివిడిగా రాసి అడగాలి. ఆమోదం వచ్చిన ఉత్తరంలో లేనిది ఆ రోజు ప్రాక్టర్‌ను ఎంత బతిమాలినా దొరకదు, ఇచ్చే అధికారం ఆయనకు లేదు.

మీ తమ్ముడికి రాసిపెట్టే మనిషి, ప్రాక్టర్ వేర్వేరుగా ఉండాలి. ఒకరు చెప్పింది చెప్పినట్టు రాస్తుంటే, అలాగే రాస్తున్నారా లేదా అని రెండో మనిషి చూడాలి. రాసే మనిషికి ఆ సబ్జెక్టు తెలియకపోవడమే మంచిది. స్క్రీన్ రీడర్ (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్), పెద్ద అక్షరాలు, అదనపు సమయం ఉంటే మీ తమ్ముడు సొంతంగా రాయగలడేమో ముందు అతన్నే అడగండి. రాయగలిగితే దరఖాస్తులో అవే కోరండి. ఈ దరఖాస్తు తేలడానికి వారాలు పడుతుంది కాబట్టి, ప్రాక్టర్‌ను వెతకడం కంటే ముందు దీన్ని పంపండి.